తువ్వాలు కింద ఐదు వేళ్ళు

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో ధరల పేజీ దిద్దుకుంటూ ఉంటే మస్తాన్ వచ్చాడు. గుంటూరు మిరపయార్డులో బస్తాలు కుట్టే మస్తాన్. పని ఉన్నా లేకపోయినా దబ్బనం చెవి మీద పెట్టుకునే తిరుగుతాడు. ఆ రోజు చెవి మీద దబ్బనం లేదు. అది చూడగానే ఏదో జరిగిందనుకున్నాను.

"కాటా బాబాయి పోయాడు సార్," అన్నాడు కుర్చీలో కూర్చోకుండానే. "నిద్రలోనే. నిన్న పొద్దున్నే టీ ఇద్దామని పిన్ని లేపితే లేవలేదంట. నిన్ననే అన్నీ అయిపోయినయ్. మీకు కబురు చెప్పేదానికి మనిషి దొరకలా."

"నోరెలా ఉంది?" అని అడిగాను.

చావుకబురు తెచ్చిన మనిషిని ఎవరైనా అలా అడుగుతారా? కానీ మస్తాన్‌కి ఆ ప్రశ్న వింతగా తోచలేదు. పైగా దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు.

"అద్దంలా ఉంది సార్. గుండె ఆగిపోయిందిగానీ నోటికేం కాలా. మొన్నామధ్య చూపించుకున్నప్పుడు డాక్టరమ్మే చెప్పింది."

అతనికి కుర్చీ చూపించి టీ తెప్పించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటల్లో వచ్చినవీ, అతను వెళ్ళాక నాకు గుర్తుకొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఉంది. యార్డులో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. తూకం వేసేది ఆయన కాబట్టి కాటా బాబాయి. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే అనేవాళ్ళు. నేను విలేకరిగా చేరిన కొత్తలో మిరప ధరల కోసం రోజూ యార్డుకి వెళ్ళాల్సి వచ్చేది. మొదటిరోజు నలుగురు వ్యాపారుల్ని అడిగితే నాలుగు ధరలు చెప్పారు. ఎటూ తేల్చుకోలేక నిలబడితే, కాటా పక్కన పొడుగాటి మనిషి ఒకాయన నన్ను చూసి, తల పైకెత్తి, "ఊ?" అన్నాడు.

ఆ తల పైకెత్తడంలోనే ఉంది ఆయన సంగతంతా. ఎడమ బుగ్గలో ఎప్పుడూ పొగాకు ఉండేది. నాటు పొగాకు కాడ తుంచి, సున్నం రాసి, బుగ్గన పెట్టుకునేవాడు. నోరు తెరిస్తే రసం కారుతుంది కాబట్టి మాట్లాడాలంటే తల వెనక్కి వాల్చాలి. అంత పొడుగు మనిషి ఆకాశం వైపు చూస్తూ మాట్లాడుతుంటే వినేవాళ్ళు కూడా పైకి చూసేవాళ్ళు. చాలా సంగతులు ఆ "ఊ"తోనే వెళ్ళిపోయేవి. సరేననే ఊ పొట్టిది. కాదనే ఊ పొడుగుది. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తెలిసినప్పుడు వచ్చే ఊ ముక్కులోంచి వచ్చేది. వ్యాపారులు ధర చెబుతున్నప్పుడు నేను వాళ్ళ మొహాలు చూసేవాణ్ణి కాదు, ఆయన ఊ వినేవాణ్ణి.

తూకం కేక వేసేటప్పుడు మాత్రం ఊ పనికిరాదు. మిరపబస్తాని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీ కాటా మీదికి ఎక్కగానే ఆయన చెయ్యి పైకెత్తేవాడు. హమాలీలు ఆగిపోయేవాళ్ళు. పక్కకు వెళ్ళి, గోడ మూల ఉమ్మి, నోరు తుడుచుకుని వచ్చి, అప్పుడు కేక. మొదటి టిక్కీని ఒకటి అనడు, "లాభం" అంటాడు. "లాభం... రెండూ... మూడూ..." అని ఆ కేక పై వరస కొట్ల దాకా వినిపించేది. ఎక్కడో కాయల తొడిమలు, అక్కడి మాటలో ముచ్చికలు, తీస్తున్న ఆడవాళ్ళు కూడా ఆ కేక వరసకే చేతులు కదిపేవాళ్ళు. గోడ మూల మాత్రం ఎర్రమట్టి రంగుకు తిరిగిపోయింది. "మన యార్డుకి పునాదిరాయి అక్కడేశాడు బాబాయి," అని హమాలీలు ఎగతాళి చేసేవాళ్ళు.

ఆయన పొగాకు మానడం యార్డులో అందరికీ ఇష్టమైన వినోదం. ఏడాదికి రెండు మూడుసార్లు మానేవాడు. మానేటప్పుడు రహస్యంగా మానడు. కాటా కొయ్య పట్టుకుని, అందరూ వినేలా, "ఈ కాటా మీద ఒట్టు, ఇక ముట్టను," అని కేక వేసేవాడు. ఆ కేక కూడా తూకం కేకలాగే ఉండేది. ఇక హమాలీల నుంచి కొట్ల గుమస్తాల దాకా అందరూ ఆయన బుగ్గ మీదే కన్నేసేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తినే దాకా బుగ్గ చదునుగా ఉండేది. అన్నం తిన్నాక కాస్త ఉబ్బేది.

"ఏం బాబాయ్, పన్ను వాచిందా?"

"ఊ," అనేవాడు ఆకాశం చూస్తూ.

యార్డంతా నవ్వే నవ్వు. ఆయనా నవ్వేవాడు. కానీ నవ్వినప్పుడల్లా ఇంకొంచెం పొగాకు వేసుకునేవాడని నాకు తర్వాత తెలిసింది. ఒకసారి అడిగితే కారణం కూడా చెప్పాడు. కనిగిరిలో ఉన్న తోడల్లుడు ప్రతి ఏడూ తన చేలో ఆకు ఆరబెట్టి, కట్టకట్టి పంపిస్తాడు. "పారేస్తే మనసు కష్టపెట్టుకుంటాడు బాబూ. బంధుత్వం," అన్నాడు. అంత మర్యాదస్తుడు.

ఒక సీజన్ మొదట్లో ఆయనకు బుగ్గ మంట మొదలైంది. మిరపఘాటు అనుకున్నాడు. మజ్జిగ పుక్కిలించాడు. తగ్గలేదు. "పేపరుబాబూ, పళ్ళడాక్టరు దగ్గరికి తోడు రండి. ఇంగ్లీషులో తిడితే మీరు తెలుగులో చెబుదురుగాని," అన్నాడు. వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తిట్టలేదు. ఇంగ్లీషు మాట్లాడలేదు. చిన్న అద్దం బుగ్గలో పెట్టి, పెద్ద అద్దం ఆయన చేతికిచ్చి, చూడమంది. పొగాకు పెట్టే చోట, సరిగ్గా అంత మేరే, తెల్లగా, సున్నం కొట్టినట్టు మచ్చ.

"ఇది ఇంకా పుండు కాలేదు," అంది ఆమె. "పొగాకు మానేస్తే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే ఎటు తిరుగుతుందో చెప్పలేను. యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కదా, అప్పుడు మళ్ళీ రండి. తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. చెడ్డదని తేలితే బుగ్గ కోయాల్సి వస్తుంది."

ఆయన చాలాసేపు అద్దంలో చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "బుగ్గ కోస్తే కేక వస్తదా అమ్మా?"

ఆమె నా వైపు చూసింది. నేను కేక సంగతి చెప్పాను.

"అంత దాకా తెచ్చుకోకండి," అంది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఆయన పొగాకు డబ్బా మూత తీశాడు, మూశాడు. యార్డు గేటు దగ్గర దిగి, "ఎట్టా మానాలో తెలవదు బాబూ," అన్నాడు. తల వాల్చకుండా, నా కళ్ళలోకి చూస్తూ అన్నాడు. బుగ్గ ఖాళీగా ఉంది కాబట్టి మాట స్పష్టంగా వచ్చింది. "ఒట్టేసినన్నిసార్లు తప్పా. ఈసారి కేకేసి మానానంటే వాళ్ళ నవ్వుకే మళ్ళీ మొదలుపెడతా."

టీ కొట్టు దగ్గర మస్తాన్ ఉన్నాడు. అరచేతిలో పొగాకు, సున్నం వేసి నలుపుతున్నాడు. సంగతంతా విని, నలపడం ఆపాడు.

"నువ్వు ఒక్కడివే మానతన్నావ్ బాబాయ్, అందుకే కావట్లా. రంజాన్‌లో రోజా ఉన్నప్పుడు చూడు, పొద్దుటి నుంచి సాయంత్రం మగ్రిబ్ నమాజు దాకా నేను మంచినీళ్ళు గూడా ముట్టను. ఇక పొగాకు మాటే లేదు. మామూలు రోజుల్లో గంట ఉండలేనోణ్ణి అప్పుడెట్టా ఉంటన్నా? మా వీధి వీధంతా ఉంటది కాబట్టి. పక్కోడున్నాడని నేను, నేనున్నానని పక్కోడు."

"అయితే ఏం చెయ్యమంటావురా?"

"నేనూ మానతా."

"నీకేం వచ్చిందిరా? నీ నోరు బాగానే ఉందిగా."

"వచ్చిందాకా ఆగాలా ఏంటి?" అని మస్తాన్ అరచేతిలోది కాలవలో దులిపేశాడు. దులిపేశాక ఆ చేతిని వాసన చూసుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పక్కన మరియమ్మ టీ తాగుతోంది. ముచ్చికలు తీసే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. తెల్లారిన దగ్గర నుంచీ వేలితో పళ్ళకు నశ్యం రుద్దుకునే మనిషి. ఆమె గ్లాసు కింద పెట్టింది. "నన్ను గూడా చేర్చుకోండన్నా. మా మనవరాలు నా పక్కన పడుకోనంటంది. నోరు వాసనంట. ప్రార్థన చెప్పిస్తుంటే ముక్కు మూసుకుంటంది."

అలా ముగ్గురు కలిశారు. యార్డుకి తెలియకూడదన్నది మొదటి షరతు. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళిన పాపానికి నాలుగోవాణ్ణయ్యాను, సాక్షిగా. "పేపర్లో వేశారంటే నేను ఏట్లో పడతా," అని బాబాయి ముందే చెప్పాడు.

రహస్యం అనుకున్నారు సరే. ప్రాణం పొగాకు కోసం లాగినప్పుడు, నలుగురిలో ఉండగా, ఒకరికొకరు చెప్పుకోవడమెలా? దానికి వాళ్ళు యార్డు పద్ధతినే వాడుకున్నారు.

అక్కడ బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మించేవాడూ ఎదురెదురుగా నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుకుంటారు. ఆ గుడ్డ కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత పెంచినట్టు. పైకి మాత్రం ఇద్దరూ ఎండల గురించో పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కనున్నవాడికి ధర తెలియదు. బాబాయి, మస్తాన్ అదే చేశారు. కాస్త లాగితే ఒక వేలు. తట్టుకోలేకపోతే ఐదు. అవతలివాడు చెయ్యి వదలకూడదు. వేరే కబుర్లు చెబుతూ, కనీసం ఒక్క వేలు తగ్గిందాకా పట్టుకోవాలి.

మరియమ్మతో తువ్వాలు కుదరదు కదా. పరాయి మగవాళ్ళ చెయ్యి పట్టుకునే మనిషి కాదు ఆమె. తను కూర్చున్న గోనెపట్టా అంచున ఎండుమిరపకాయలు పెట్టేది. ఒకటి పెడితే ఒకటి, ఐదు పెడితే ఐదు. అటు వెళ్తున్న బాబాయి ఆ కాయలు చూసి ఆగి, "ఏం చెల్లెమ్మా, మనవరాలు ఏమంటంది?" అనేవాడు. ఆమె మనవరాలి ముచ్చట్లు చెబుతూ చెబుతూ ఒక్కో కాయా తీసి కుప్పలో వేసేది.

మొదటి వారం ఘోరం. ఇన్నేళ్ళూ పొగాకు అడ్డున్న గొంతులోకి మిరపఘాటు నేరుగా దిగింది. బాబాయి "లాభం" అని కేక ఎత్తుకుని తుమ్ములోకి జారేవాడు. హమాలీలు "బాబాయికి జలుబు చేసింది" అనుకున్నారు. పొగాకు డబ్బాలో ఉసిరి ఒరుగు పోసుకున్నాడు. పాత అలవాటు కొద్దీ తల పైకెత్తి మాట్లాడటం మాత్రం పోలేదు. బుగ్గలో ఏమీ లేకపోయినా ఆకాశంతోనే మాట్లాడేవాడు.

మరియమ్మ బాధ వేరు. వాళ్ళ చర్చిలో ఆదివారం దేవుడు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెబుతారు. ఆమె ఏ సాక్ష్యమూ దాచుకునే మనిషి కాదు. మేక ఈనితే సాక్ష్యం, రేషనులో చక్కెర దొరికితే సాక్ష్యం. "నశ్యం మానడం తేలిగ్గానే ఉందన్నా. సాక్ష్యం ఆపుకునేది కష్టంగా ఉంది," అని మొత్తుకునేది. "పాస్టరుగారు నా వంకే చూస్తన్నారు. నాకేదో జబ్బు చేసిందనుకుంటన్నారు."

ఇలా నడుస్తుండగా తాలుకాయ గొడవ వచ్చింది.

ఆ రోజు బజారు మందకొడిగా ఉంది. కాటా ఖాళీ. చేతిలో పని లేనప్పుడే నోరు పని అడుగుతుంది. కనిగిరి వైపు నుంచి ఒక రైతు వానకు తడిసిన కాయ తెచ్చాడు. రంగు వెలిసి, సగం తెల్లబారిన తాలుకాయ. ముందురోజు నుంచీ కొనేవాడు లేక, కుప్ప పక్కనే కూర్చుని ఉన్నాడు. బాబాయి పలకరింపుగా వెళ్ళి నిలబడ్డాడు. ఆ రైతు పాపం మర్యాద కొద్దీ రొండిన ఉన్న పొగాకు మడత విప్పి, "వేస్తావా బాబాయ్? మా చేలో ఆకే," అన్నాడు.

కనిగిరి ఆకు. తోడల్లుడి చేతి వాసన. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. బాబాయి చెయ్యి దానంతట అది ముందుకు వెళ్ళడం చూశాను. సగంలో ఆగింది. మెల్లగా పైకి లేచి, భుజం మీది తువ్వాలు లాగింది. "మస్తానూ!" అని కేక.

మస్తాన్ పరుగెత్తుకొచ్చాడు. తువ్వాలు కప్పుకున్నారు. మస్తాన్ తర్వాత చెప్పాడు, బాబాయి ఐదు నొక్కాడట. దగ్గరికి వచ్చేసరికి ఆ వాసన మస్తాన్ ముక్కుకీ తగిలింది. అతనూ ఐదు నొక్కాడు. పట్టుకునేవాడే జారిపోతుంటే ఏం చేస్తారు? ఇద్దరూ ఆ తాలుకుప్ప పక్కన, ఒకరి చెయ్యి ఒకరు నలిపేసుకుంటూ, చెమటలు కక్కుతూ, ఎండల గురించి మాట్లాడుకుంటున్నారు.

"ఈ ఏడు ఎండలు ఎక్కువేరా."

"ఎక్కువే బాబాయ్. బాగా ఎక్కువే."

ఎదుటి కొట్టు అరుగు మీద నుంచి సుబ్బారావు గారు చూస్తున్నారు. పెద్ద వ్యాపారి. నోట్లో జర్దా కిళ్ళీ అరగక ముందే ఇంకోటి చుట్టించుకునే మనిషి. ఆయన అరుగు మీద ఎలా ఆలోచించారో ఆయనే తర్వాత చెప్పి నవ్వించారు. కాటా వేసేవాడు కాయ కొనడు. తువ్వాలు కింద అంతసేపు, అంత చెమటతో బేరమంటే చిన్న బేరం కాదు. అంటే ఎవరో పైవూరి పెద్ద పార్టీ బాబాయిని అడ్డం పెట్టి కొనిపిస్తోంది. తాలుకాయే ఎందుకు? వాళ్ళకేదో తెలుసు. మనకు తెలియదు.

అంతే, అరుగు దిగారు. రైతు దగ్గరికి వెళ్ళి తన తువ్వాలు తీశారు. సుబ్బారావు గారు దిగారంటే ఊరికే దిగరని పక్క కొట్టాయన దిగాడు. ఆయన వెనక ఇంకొకరు. ఎవరూ ముట్టని తాలుకుప్ప చుట్టూ తువ్వాళ్ళే తువ్వాళ్ళు. రైతు నమలడం మానేసి నోరు తెరిచాడు. మంచి కాయ పలికే ధరకు కుప్ప సుబ్బారావు గారిదైంది. ఈ హడావుడి దేనికో అర్థం కాక బాబాయి, మస్తాన్ తువ్వాలు కింద చేతులతో అలాగే నిలబడి ఉన్నారు.

సాయంత్రానికి ఆ కాయకు వేరే గిరాకీ ఏదీ లేదని తేలింది. సుబ్బారావు గారు మనుషుల్ని వెంటబెట్టుకుని కాటా దగ్గరికి వచ్చారు.

"ఎవరి తరఫున బేరం చేశావ్ బాబాయ్?"

"నేను బేరం చెయ్యలేదండీ."

"కళ్ళారా చూశాను. కాటా పట్టే చెయ్యి బేరంలో పెడితే రేపు నీ తూకం ఎవడు నమ్ముతాడయ్యా? చెప్పు, ఎవరి తరఫున?"

చుట్టూ జనం మూగారు. అప్పుడు ఆయన మొహం చూడాలి. నిజం చెబితే మళ్ళీ ఆ నవ్వు, ఆ నవ్వు వెనకే పొగాకు, దాని వెనక డాక్టరమ్మ అద్దం. చెప్పకపోతే ఇన్నేళ్ళ కాటా పోతుంది. మస్తాన్ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆకాశం వైపు తల ఎత్తబోయి, ఏమనుకున్నాడో దించాడు. తూకం కేకలాగే, అందరికీ వినిపించేలా చెప్పాడు.

"బేరం కాదండీ. పొగాకు. నేనూ మస్తాను మానతన్నాం. ఆ రైతు ఆకు చూపిస్తే ప్రాణం ఆగలా. వాడి చెయ్యి నేను, నా చెయ్యి వాడు పట్టుకున్నాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక యార్డు యార్డంతా విరగబడి నవ్వింది. హమాలీలు టిక్కీల మీద పడి దొర్లారు. బాబాయి చెయ్యి మెల్లగా జేబులోని డబ్బా వైపు వెళ్ళింది. అందులో ఉన్నది ఉసిరే. అయినా ఆ చెయ్యి చూసి నాకు భయం వేసింది.

అప్పుడు మరియమ్మ వచ్చింది. గోనెపట్టా దులుపుకుంటూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది.

"నవ్వండయ్యా, బాగా నవ్వండి. ముందు నోట్లో ఉన్నది ఊసి నవ్వండి!"

నవ్వు ఆగింది. ఆగింది అనడం కన్నా ఇరుక్కుంది అనడం సరి. ఎందుకంటే అక్కడ నవ్వినవాళ్ళలో బుగ్గ చదునుగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. పొగాకు, కిళ్ళీ, జర్దా, ఏదో ఒకటి. ఒకరి బుగ్గ ఒకరు చూసుకున్నారు.

"ఆయన నోట్లో తెల్లమచ్చ వచ్చింది," అంది మరియమ్మ, గొంతు తగ్గించి. "బుగ్గ కొయ్యాలంటన్నారు. కోస్తే ఇక మీకు లాభం అని కేకేసేవాడు ఉండడు. నేనూ మానా. మూడోదాన్ని నేను. హల్లెలూయ."

ఇన్నాళ్ళు ఆపుకున్న సాక్ష్యం అక్కడ, మిరపకుప్పల మధ్య బయటపడింది. సుబ్బారావు గారు నోట్లో కిళ్ళీతోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయనే కాటా దగ్గరికి వచ్చారు. గొడవ మళ్ళీ మొదలవుతుందనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "కిళ్ళీ నోట్లో పెట్టుకుంటే ఆ తాలుకాయే గుర్తొస్తోందయ్యా. రాత్రి నుంచి సయించడం లేదు. ఏదీ నీ తువ్వాలు," అన్నారు.

బాబాయి తువ్వాలు కప్పాడు. కాసేపటికి కనుబొమలు ఎత్తి, "ఐదా అండీ?" అన్నాడు.

"చేతికి ఐదే ఉన్నాయి కాబట్టి," అన్నారు సుబ్బారావు గారు.

ఆ తర్వాత రహస్యం లేదు, షరతూ లేదు. టీ కొట్టు అతను బాబాయికి పొగాకు అమ్మనన్నాడు. హమాలీలు కొత్త రైతులకు ముందే చెప్పేవాళ్ళు, "ఆ పొడుగాయనకు ఆకు చూపించబాకండి, ధరలు పెరుగుతయ్," అని. మానినవాళ్ళు కొందరు, మాని మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు చాలామంది. మొదలుపెట్టినవాడు సిగ్గుపడకుండా మళ్ళీ వచ్చి తువ్వాలు అడగొచ్చు. బాబాయి ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. "నేను ఎన్నిసార్లు తప్పానో మీకు తెలవదా?" అనేవాడు.

సెలవులు ఇచ్చారు. డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురూ ఒకే రిక్షాలో వచ్చారు. రిక్షా అతను ఏమనుకున్నాడో గానీ నేను సైకిలు మీద వెనక నవ్వుకుంటూ వచ్చాను. లోపల ఆమె అద్దం పెట్టి చూస్తుంటే మస్తాన్ కుర్చీకి అటు, మరియమ్మ ఇటు నిలబడ్డారు. తువ్వాలు కనిపించింది నాకు. ఆ చివర బాబాయి చెయ్యి, ఈ చివర మస్తాన్ చెయ్యి.

ఆమె చాలాసేపు చూసింది. లైటు మార్చి మళ్ళీ చూసింది.

"తగ్గింది. బాగా పల్చబడింది. కోయనక్కర్లేదు. పరీక్ష కూడా ఇప్పుడొద్దు," అంది. "కానీ అప్పుడప్పుడు వచ్చి చూపించాలి. మళ్ళీ మొదలుపెట్టారో, మళ్ళీ వస్తుంది."

"నాదీ చూడండమ్మా," అని మరియమ్మ నోరు తెరిచింది. మస్తాన్ కూడా తెరిచాడు. డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు.

"కేకెయ్యొచ్చా అమ్మా?" అని అడిగాడు బాబాయి.

"వేసుకోండి."

మెట్ల మీదికి వచ్చి వేశాడు. "లాభం!" కింద వరండాలో బుగ్గ పట్టుకుని కూర్చున్న రోగులు ఉలిక్కిపడి లేచారు. నేను విన్న ఆయన కేకలన్నిట్లో అదే స్వచ్ఛమైనది. "ఇన్నేళ్ళూ నా గొంతు నేనే వినలేదు బాబూ," అన్నాడు.

ఆ సెలవుల్లోనే మూడు కుటుంబాలు కలిసి సముద్రం చూడటానికి వాడరేవు వెళ్ళాయి. ఎండుచేపలు ఆరేసిన చోట బాబాయి నిలబడి, కళ్ళు మూసుకుని, గాలి పీల్చి, "ఇదా వాసన! ఇదా!" అన్నాడట. అక్కడే వండించుకున్న చేపల పులుసు తింటూ, ఇన్నేళ్ళు ఆవిడ వంటకు వంక పెట్టినందుకు భార్యకు అందరి ముందూ చెప్పాడట, వంటలో తప్పు లేదు, నోట్లో ఉంది తప్పు అని. అది విని పిన్ని, "ఆ మాట పేపర్లో వేయించండి," అందని మస్తాన్ చెప్పాడు. ఇప్పుడు వేశాను.

తర్వాత నాకు యార్డు పని తప్పింది. ఎప్పుడైనా ఆయన దారిలో కనబడితే నడిరోడ్డు మీద తువ్వాలు తీసి నా చెయ్యి కప్పేవాడు. ఎప్పుడూ ఒక్క వేలే నొక్కేవాడు.

"ఇంకా పోలేదా?" అంటే, "పోదు బాబూ. ఒకటి ఉంటది. కూర్చోబెట్టా దాన్ని. లేవకుండా చూసుకోవాలి, అంతే," అనేవాడు.

ఇవన్నీ చెప్పుకున్నాక మస్తాన్ టీ గ్లాసు కింద పెట్టాడు. వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. అటూ ఇటూ చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, నా బల్ల మీద, ధరల పేజీ మీదుగా పరిచి, దాని కింద నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

ఐదు వేళ్ళు. గట్టిగా.

"నిన్నటి నుంచి ఇట్టాగే ఉంది సార్," అన్నాడు. "అక్కడ పాడె దగ్గర ఎవరో మడత విప్పారు. తీసుకోలేదు. కానీ చెప్పుకునేదానికి ఆయన లేడు గదా. మరియమ్మ దగ్గరికెళ్తే ఆమె ముందు ఆరు కాయలు పెట్టుకుని కూర్చుంది."

నేను ఎన్నడూ పొగాకు ముట్టినవాణ్ణి కాదు. తువ్వాలు కింద అవతలి చెయ్యి కావడం నాకు తెలియని పని. అయినా పట్టుకున్నాను. "ఈ ఏడు ఎండలు ఎక్కువే," అన్నాను.

మస్తాన్ ఒక్కసారి నా మొహంలోకి చూసి, కళ్ళనిండా నీళ్ళతో నవ్వాడు. "ఎక్కువే సార్. బాగా ఎక్కువే."

తాలుకుప్ప చుట్టూ మూగిన తువ్వాళ్ళ గురించి మళ్ళీ మాట్లాడుకున్నాం. సుబ్బారావు గారి మొహం గురించి. మెట్ల మీద కేక గురించి. నా చేతి మీద ఒక వేలు సడలింది. కాసేపటికి ఇంకొకటి.

అటుగా పోతున్న మా సబ్ ఎడిటరు ఆగి, తువ్వాలు చూసి, నన్ను చూశాడు. "ఏమిటండీ, ఆఫీసులోనే బేరం పెట్టారు? ఏం కొంటున్నారు?"

"తాలుకాయ," అన్నాను.

"ఎంతలో ఉంది?"

మస్తాన్ చెయ్యి వదలకుండానే తల పైకెత్తి, ఆకాశం లేని చోట సీలింగు వైపు చూస్తూ, "దిగతా ఉందండీ," అన్నాడు.